కటారుపల్లికి దారి: వేమన పరిశోధనలో అంతర్జాల లంకెలు

వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ 1829లో 693గా, 1839లో 1164గా ప్రకటించాడు. కనుక ముద్రణ పేర్కొనకుండా ఇచ్చిన పద్యసంఖ్యకు అర్థం లేదు. ఇటీవలి పరిశోధన వ్యాసాలలో ఆ ముద్రణ వివరాల స్థానాన్ని అంతర్జాలపు లంకె ఆక్రమిస్తున్నది. ఆ లంకె స్వభావాన్ని దాని చరిత్ర దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

'హైపర్‌టెక్స్ట్' అనే పదాన్ని 1965లో ప్రచురణకు తెచ్చిన టెడ్ నెల్సన్ కోరినది రెండువైపులా నడిచే లంకె. 1989లో సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వ్యవస్థ నుండి రూపొందిన వెబ్‌లో లంకె ఒకవైపే నడుస్తుంది. ఎవరి అనుమతీ లేకుండా ఏ పుటనైనా చూపవచ్చు. ఈ సౌలభ్యమే వెబ్‌ను ప్రపంచమంతటా అల్లింది. ఒక పుటను ఎందరు చూపుతున్నారు, ఆ చూపే పుటల విలువ ఎంత అన్నదే దాని విలువకు కొలమానంగా 1998లో గూగుల్ స్థాపకులు లెక్కగట్టారు. దీనికి మాతృక మన పాదసూచికల సంప్రదాయమే.

అనంతపురం సీమ గొలుసుకట్టు చెరువులు ఎరిగినవారికి ఇందులోని లోపం వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువ చెరువు మరువ పారితే దిగువ చెరువు నిండుతుంది. దిగువ కట్ట తెగిన సంగతి మాత్రం ఎగువ నీటికి తెలియదు. లంకె చూపిన పుట తొలగిపోయినా, చూపిన పుట చూపుతూనే ఉంటుంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా విషయంలో జరిగినది ఇదే. వేలకొలది తెలుగు గ్రంథాల ప్రతిబింబాలను అందించిన ఆ వెబ్‌సైటు 2017 ప్రాంతంలో మూతపడింది. వాటిలో చాలా గ్రంథాల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచాయి. గ్రంథం దక్కింది, చిరునామా మారింది. పాత చిరునామాను మాత్రమే ఇచ్చిన పాదసూచిక నేడు ఎక్కడికీ చేర్చదు. గ్రంథకర్త, ముద్రణ సంవత్సరం, పుటసంఖ్య ఇచ్చినది ఇప్పటికీ చేరుస్తుంది.

పుట నిలిచినా అందులోని విషయం పాతబడవచ్చు. వేమన సమాధి గల కటారుపల్లి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు రాసిన పుటలు దానిని అనంతపురం జిల్లాలోనే చూపుతాయి. చారిత్రకంగా అది తప్పు కాదు, తేదీ లేకపోవడమే చిక్కు. అందుచేత లంకెతోపాటు ముద్రణ వివరాలను, పుటను చూసిన తేదీని, వీలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచిన ప్రతి చిరునామాను కూడా ఇవ్వాలని మన పత్రికలు నియమంగా కోరవలసి ఉన్నది.