సంక్రాంతి సెలవులకు తేదీ కుదిరిన కథ

డిసెంబరు 21, 22 తేదీల దగ్గర సూర్యుడు దక్షిణాన చివరి మెట్టు దాకా వెళ్లి ఉత్తరానికి మళ్లుతాడని బడిలో మాస్టారు చెబుతారు. సంక్రాంతి నాడు ఉత్తరాయణం వచ్చిందని ఇంట్లో నాయనమ్మ అంటుంది. ఇద్దరి లెక్కలకూ మధ్య మూడు వారాల పైచిలుకు తేడా ఉంది. పిల్లలకు ఈ తేడాతో పనిలేదు, భోగి, పండగ, కనుమ కలుపుకొని సెలవులు ఎన్నాళ్లో తేలితే చాలు. చిక్కంతా సెలవుల పట్టిక వేసేవాళ్లది. క్రిస్మస్ ఏటా డిసెంబరు 25నే వస్తుంది. సంక్రాంతి మాత్రం 2024లో జనవరి 15న, 2025లో 14న వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, వివేకానందుడు పుట్టిన 1863 నాటి సంక్రాంతి జనవరి 12న పడింది. అంటే పండగ మెల్లగా ముందుకు జరుగుతోంది. ఎందుకు జరుగుతోందో కనిపెట్టడానికి, దాన్ని పట్టి ఆపాలని చూడటానికి రెండు వేల ఏళ్లు పట్టింది.

మొదటి ఆచూకీ ఒక పాత రాతలో దొరికింది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు ఖగోళ శాస్త్రజ్ఞుడు హిప్పార్కస్ చంద్రగ్రహణాలను ఆసరా చేసుకుని నక్షత్రాల చోట్లు కొలిచేవాడు. గ్రహణం నడిమి వేళ చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు కాబట్టి ఆ క్షణాన చంద్రుడి నుంచి నక్షత్రం ఎంత దూరమో చూస్తే లెక్క తేలుతుంది. అలా మనం చిత్త అని పిలుచుకునే నక్షత్రం శరద్విషువత్తు బిందువుకు, అంటే శరత్తులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడుండే చోటుకు, సుమారు ఆరు డిగ్రీల దూరంలో ఉందని తేల్చాడు. అంతకు దాదాపు 150 ఏళ్ల ముందే అలెగ్జాండ్రియాలో టిమోకారిస్ అనే ఆయన అదే నక్షత్రాన్ని కొలిచి, ఎనిమిది డిగ్రీలని రాసిపెట్టి ఉన్నాడు. ఆ రాత చేతికి రాకపోతే హిప్పార్కస్ తన ఆరు డిగ్రీలతోనే తృప్తిపడి ఉండేవాడు. పాతవాడి కొలత తప్పని కొట్టిపారేసినా అడిగేవారు లేరు. అతను అలా చేయలేదు. ఇద్దరి కొలతలూ నిజమే కావచ్చు, ఆకాశమే కదిలి ఉండవచ్చని అనుకున్నాడు.

నిజానికి కదిలింది ఆకాశం కాదు, భూమి. తిరుగుతున్న బొంగరం తల ఊగినట్టు భూమి ఇరుసు కూడా తిరుగుతోంది. ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు పడుతుంది. ఋతువులను తెచ్చే బిందువులు నక్షత్రాల మధ్య 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతాయి. మన సంక్రాంతి నక్షత్రాలను పట్టుకుని నడిచే పండగ. చలి, ఎండ, పగటి పొడవు మాత్రం ఆ బిందువులను పట్టుకుని నడుస్తాయి. రెండిటి మధ్యా ఎడం పెరగక తప్పదు.

మనవాళ్లు ఇది గమనించలేదనుకుంటే పొరపాటు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు సూటిగానే రాశాడు: పూర్వం ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో మొదలయ్యేదని శాస్త్రాల్లో ఉంది, ఇప్పుడు మకరం మొదట్లో మొదలవుతోంది, అనుమానముంటే కొలిచి చూసుకోండి అని. ఆ కాలానికి సంక్రాంతి, ఉత్తరాయణం ఇంచుమించు ఒకచోటే ఉండేవి. నాయనమ్మ మాట అప్పటి మాట, అప్పటికి అది నిజం కూడా.

తర్వాత ఏమైందన్నదే ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచే ఘట్టం. ఈ కదలిక ఒకే దిక్కున సాగేది కాదని, మధ్య బిందువుకు అటు 27 డిగ్రీలు, ఇటు 27 డిగ్రీలు ఊగి మళ్లీ వెనక్కి వస్తుందని సూర్యసిద్ధాంతం చెప్పింది. వెనక్కి వచ్చేదాని కోసం పండగలు మార్చుకోవడం దేనికి? పైగా ఆ గ్రంథం చెప్పిన సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు పెద్దది. ఏడాదికి 24 నిమిషాలు ఎవరికీ కనిపించవు. అరవై ఏళ్లకు ఒక రోజవుతుంది, అదీ ఎవరికీ కనిపించదు. మనిషి జీవితమంతా సంక్రాంతి ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. నూరేళ్లు బతికినవాళ్లకు కూడా ఒకటి రెండు రోజుల తేడా ఏం గుర్తుంటుంది?

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నిద్ర కొంత చెదిరింది. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి రాత్రులు దూరదర్శిని దగ్గర గడిపి 1867లో కాంతి మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నారు. పగలు ఆయన మనసు పంచాంగాల మీద ఉండేది. ఆకాశంలో కళ్లకు కనిపించేదానికీ పంచాంగంలో అచ్చయ్యేదానికీ పొంతన లేదని, దృగ్గణితంతో లెక్క సరిచేయాలని ఆయన పట్టుబట్టి, ఆ పద్ధతిలో పంచాంగం వెలువరించారు. పూర్వపద్ధతి సిద్ధాంతులకు అది మింగుడుపడలేదు. 1880లో ఆయన పోయేనాటికి తగాదా తీరనేలేదు. పశ్చిమాన తిలక్ వంటివారు కూడా సంస్కరణకు పూనుకున్నారు గానీ అక్కడ కొత్త పేచీ వచ్చిపడింది. రాశిచక్రం మొదలు ఎక్కడ? చిత్త నక్షత్రానికి ఎదురు బిందువు దగ్గరా, లేక రేవతి దగ్గరా? తిలక్ పక్షం రేవతి వైపు మొగ్గింది. దాంతో ఆ పంచాంగంలో సంక్రాంతి జనవరి 10కి వచ్చి కూర్చుంది. పండగను దారిలో పెట్టబోయి మరో తేదీని అదనంగా చేర్చినట్టయింది.

ఇలాంటి సమయంలో రంగంలోకి దిగినవాడు మేఘనాద్ సాహా. ఢాకా దగ్గర ఒక పల్లెలో పేద కుటుంబంలో పుట్టాడు. ఊళ్లో పై చదువుకు బడి లేకపోతే పొరుగూరి వైద్యుడొకాయన ఇంట్లో ఉండి చదువుకున్నాడు. స్కాలర్‌షిప్ మీద ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. 1905లో బెంగాల్ విభజన రోజుల్లో గవర్నరు రాకను బహిష్కరించిన పిల్లల్లో అతనూ ఉన్నాడు. స్కాలర్‌షిప్ పోయింది, హాజరు పట్టీలోంచి పేరు పోయింది. కిషోరీలాల్ జూబిలీ స్కూలు చేరదీయకపోతే 1920లో నక్షత్రాల వేడిని వాటి వెలుగులోంచి చదివే సూత్రం ఆయన కలం నుంచి వచ్చేది కాదు. దేశమంతటికీ సెలవుల లెక్క సరిచేయవలసిన మనిషినే ఒకప్పుడు బడి బయటికి పంపిందన్నమాట.

1952 నవంబరులో పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు సాహా, కార్యదర్శి నిర్మల్ చంద్ర లాహిరి. దేశం నలుమూలలా వాడుకలో ఉన్న పంచాంగ పద్ధతులను పోగుచేస్తే 30 దాకా తేలాయి. ఒకే పండగకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రోజు. అంతకు ముందు ఎక్కడి సెలవు అక్కడ ఇచ్చుకున్నా చెల్లింది గానీ, ఒకే ప్రభుత్వం కిందికి వచ్చిన దేశంలో తంతి కార్యాలయాలకు, బ్యాంకులకు, బళ్లకు ఇది తలనొప్పే.

సంఘం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒక ఊహ. సూర్యోదయం ఊరూరికీ మారుతుంది, దాంతో తిథులూ పండగలూ మారతాయి. ఏ ఊరిని ప్రమాణంగా తీసుకోవాలి? కాశీ అంటే మద్రాసుకు కోపం, కలకత్తా అంటే బొంబాయికి కోపం. సంఘం ఏ ఊరినీ ఎంచుకోలేదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన, మన కాకినాడ సమీపంగా సాగే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ఒకవైపు, ప్రాచీన గణితజ్ఞుల ఉజ్జయిని అక్షాంశాన్ని మరోవైపు తీసుకుని, అవి కలిసే బిందువును దేశానికంతటికీ కేంద్రమంది. అది కాగితం మీది ఊరు కాబట్టి ఎవరూ అసూయపడలేదు.

అసలు చిక్కు దగ్గర మాత్రం సాహా సర్దుకోవలసి వచ్చింది. శాస్త్రం ప్రకారమైతే సంక్రాంతిని 23 రోజులు వెనక్కి లాగి డిసెంబరు 22 దగ్గర పెట్టాలి. నెలగంట పెట్టి, ధనుర్మాసమంతా ముగ్గులేసి, గొబ్బెమ్మలు నిలిపే ఇళ్లకు వెళ్లి ఈ ఏడు పండగ మూడు వారాల ముందేనని ఎవరు చెబుతారు? సంఘం మధ్యేమార్గం పట్టింది. ప్రభుత్వ వ్యవహారాలకు ఋతువులతో నడిచే కొత్త శక సంవత్సరం. అందులో చైత్రం మార్చి 22న, లీపు ఏడాదిలో 21న మొదలవుతుంది. మతపరమైన పండగలకు పాత తేడాను అలాగే ఒప్పుకుని, 23 డిగ్రీల 15 నిమిషాల దగ్గర బిగించి, ఇకపై జరగకుండా చూద్దామంది. ఆ కొలతకు ఆనవాలుగా తీసుకున్నది చిత్త నక్షత్రాన్నే. హిప్పార్కస్‌కు కదలికను పట్టిచ్చిన నక్షత్రమే ఆ కదలికకు మేకు కొట్టడానికీ పనికొచ్చింది.

నివేదిక 1955లో వచ్చింది. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ సాహా దారిలోనే కుప్పకూలి మరణించారు. జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది 1957 మార్చి 22న. అప్పటి నుంచి రాష్ట్రీయ పంచాంగం తెలుగుతో సహా పలు భాషల్లో వెలువడుతోంది. ఇప్పుడు దాన్ని సిద్ధం చేసే కలకత్తాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటరే ప్రభుత్వ సెలవుల కోసం పండగ తేదీలను లెక్కకట్టి ఇస్తోంది. మేకు మాత్రం నిలవలేదు. పంచాంగకర్తలు బిగించిన విలువను ఒప్పుకోలేదు, సంక్రాంతి నడక సాగుతూనే ఉంది.

అందుకే మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఏటా కొత్తగా కూడికలు వేసుకుంటాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు చూపాలి. క్రిస్మస్‌కు ఎక్కువ సెలవులిచ్చే మిషనరీ బళ్లకు వేరే వరుస, సంక్రాంతికి ఎక్కువ ఇచ్చే బళ్లకు వేరే వరుస. సూర్యుడి మకర ప్రవేశం ఏటా ఆరు గంటల పైచిలుకు ఆలస్యమవుతుంది, లీపు రోజు వచ్చి దాన్ని వెనక్కి లాగుతుంది. 14, 15ల మధ్య ఊగిసలాట అందుకే. ఈ శతాబ్దం చివరికి 15 ఇంచుమించు స్థిరపడుతుంది. 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి ఆ తర్వాత కొన్నేళ్లలోనే 16 తొంగిచూస్తుంది. అప్పుడు కనుమ 17న, ముక్కనుమ 18న. బడి తెరిచే రోజు ఎప్పుడో అప్పటి మాస్టార్లు తేల్చుకోవాలి.