కొత్తవాళ్లకు బెజవాడ పెట్టిన మొదటి ముద్ద

బడి స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం అంటే భవనాల గురించో, పాత ప్రధానోపాధ్యాయుల గురించో రాయడం ఆనవాయితీ. ఆ పని నాకన్నా బాగా చేయగలవారు ఈ సంచికలో చాలామంది ఉన్నారు. నేను హోటళ్ల గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. భవానీపురానికి కొత్తగా వచ్చిన కుటుంబం ఏదైనా వరుసగా మూడు మెట్లు ఎక్కింది. మొదట హోటల్లో తిన్నది. తర్వాత అద్దె ఇల్లు వెతుక్కుంది. ఆ తర్వాత పిల్లల్ని బడిలో వేసింది. మనలో చాలామందిమి ఆ మూడో మెట్టు దగ్గర కలుసుకున్నవాళ్లమే. శ్రీకాకుళం యాస, ఒంగోలు యాస, ఖమ్మం యాస మన తరగతి గదిలో ఒకే బెంచీ మీద కూర్చునేవి. మొదటి రెండు మెట్లు మన అమ్మానాన్నలు ఎక్కారు. అవి ఎంత ఎత్తో వాళ్లు మనకు పెద్దగా చెప్పలేదు.

హోటళ్లు రాకముందు మన దేశంలో బాటసారికి అన్నం దొరికే చోట్లు రెండు: సత్రం, పూటకూళ్లిల్లు. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన క్రీడాభిరామంలో రూకకు భోజనం పెట్టే పూటకూళ్లిల్లు కనిపిస్తుంది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఒక ముఖ్యపాత్ర. అంటే డబ్బు తీసుకుని అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. అయితే ఎవరింట్లో ఎవరు తినవచ్చు, ఏ సత్రంలో ఎవరు దిగవచ్చు అన్నది కులమే చెప్పేది. పొరుగూరు వెళ్లినవాడు ముందు తన కులంవాళ్ల ఇల్లెక్కడో వాకబు చేసుకునేవాడు. ఆ ఇల్లు దొరకనివాడికి, అసలు ఊళ్లోకే రానివ్వనివాడికి చెట్టు నీడే సత్రం.

బెజవాడను పెద్ద ఊరుగా చేసింది నీరూ రైలూ. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. డెల్టా పండింది. 1888లో మునిసిపాలిటీ ఏర్పడింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. మరో పదేళ్లలో నది మీద వంతెన, మద్రాసు లైను వచ్చాయి. ఆ పైన హైదరాబాదు నుంచి, మద్రాసు నుంచి, కలకత్తా వైపు నుంచి వచ్చే బండ్లన్నీ ఇక్కడ కలిశాయి. జంక్షన్ అంటే బండి మారడానికి జనం గంటలకొద్దీ ఆగే చోటు. ఆగిన మనిషికి ఆకలి వేస్తుంది. ఆ ఆకలి మీదే బెజవాడ హోటళ్లు పుట్టాయి.

ఆ తొలి హోటళ్లు అందరివీ అనుకుంటే పొరపాటు. మద్రాసు రాజధానిలో రైల్వే స్టేషన్ల ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు వేరే గది, ఇతరులకు వేరే గది ఉండేవి. ద్రావిడ ఉద్యమం గట్టిగా ఒత్తిడి తెచ్చాక 1941లో ఆ ఏర్పాటు తొలగించారు. పట్నాల్లో కాఫీ హోటళ్ల బోర్డుల మీద కూడా 'బ్రాహ్మణ' అన్న మాట ఉండేది. వంట ఎవరు చేశారో చెప్పడం దాని పని అనేవారు. లోపల ఎవరు కూర్చోవచ్చో కూడా అది చెప్పేది. దళితుడికైతే ఆ గుమ్మం అసలు తెరుచుకునేది కాదు.

ఆ గుమ్మం దానంతట అది తెరుచుకోలేదు. మన జిల్లాలోనే ఆ పని చేసినవాళ్లున్నారు. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు చేయించారు. 1947లో ఆ కేంద్రం విజయవాడ పటమటకు వచ్చింది. కలిసి తినడం ఒక ఉద్యమంగా నడవాల్సి వచ్చిందంటే, విడివిడిగా తినడం ఎంత మామూలుగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాలు, ప్రజల హోటళ్లు, వినోద స్థలాలు అని పేరుపెట్టి మరీ రాసింది: మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూపించి ఎవరినీ అక్కడికి రాకుండా ఆపకూడదు. 'పుట్టిన చోటు' అన్న మాట గమనించండి. పరాయి ఊరివాడికి కూడా రాజ్యాంగం హోటల్లో కుర్చీ వేసింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం దానికి శిక్ష జోడించింది. ఆ తర్వాత కూడా పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలపాటు పోలేదు.

ఇది మనకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలోని తెల్లవాళ్ల భోజన బల్ల దగ్గర కూర్చుని, వడ్డించకపోయినా లేవలేదు. ఆ పని అక్కడ అనేక ఊళ్లకు పాకింది. ఒక ఊరు ఎవరిని మనిషిగా లెక్కిస్తుందో తేల్చుకోవడానికి ఏ దేశంలోనైనా తిండి బల్ల మంచి చోటు.

గుమ్మం తెరుచుకున్నాక బెజవాడ హోటలు బాగానే మర్యాద నేర్చుకుంది. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక, 1960లో ఆంధ్రజ్యోతి ఈ ఊళ్లోనే పుట్టాయి. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు, ఏలూరు రోడ్డులో పుస్తక ప్రచురణకర్తలు వెలిశారు. ఊరికి ఒంటరిగా వచ్చిన గుమస్తాలు, ప్రూఫ్ రీడర్లు, విద్యార్థులు, మెడికల్ రిప్రజెంటేటివ్‌లు పెరిగారు. వీళ్లకు వండిపెట్టే అమ్మ ఊళ్లో లేదు. హోటలే ఇల్లు.

గాంధీనగర్‌లో 1942 నుంచి ఉన్న బాబాయ్ హోటలు సంగతి మీకు తెలిసిందే. ఇడ్లీ మీద వెన్నపూస వేసి పెట్టడం దాని ప్రత్యేకత. నాకు ఇడ్లీ కన్నా ఆ పేరు ముఖ్యం. ఊళ్లో ఎవరూ తెలియనివాడు లోపలికి వెళ్లి 'బాబాయ్' అని పిలిచాడంటే, ఇడ్లీతోపాటు ఒక చుట్టరికం కూడా దొరికినట్టు. మన భాషలో బంధుత్వం లేకుండా పెద్దవాణ్ణి పిలవడం కష్టం. బెజవాడ హోటలు ఆ ఇబ్బందిని ఇలా తీర్చింది.

మెస్సుల సంగతి ఇంకో రకం. నెలకు సరిపడా టికెట్ల పుస్తకం ముందే కొనుక్కోవాలి. పూటకొక టికెట్ చించి ఇవ్వాలి. అరటి ఆకు, పప్పు, గోంగూర, కారప్పొడి, మీద నెయ్యి, అన్నం మారు అడిగితే విసుక్కోని వడ్డన. కుర్చీలు తక్కువ గనుక ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్లతోనే తినాలి. పక్కవాడి ఆకులో ఏం మిగిలిందో చూసి 'పెరుగు వేయించుకోండి' అని చెప్పే ముక్కూముఖం తెలియని మనిషి ఉంటాడు. ఇల్లు ఎక్కడ అద్దెకు ఉంది, ఏ డాక్టరు మంచివాడు, ఏ బడిలో సీటు దొరుకుతుంది అన్నవన్నీ అక్కడే తెలిసేవి. జీతం ఆలస్యమైతే గల్లా పెట్టె దగ్గర ఖాతా పుస్తకంలో రాసుకునేవారు. ఊరు పేరు తెలియనివాడికి అప్పు పెట్టిన మొదటి సంస్థ బ్యాంకు కాదు, మెస్సు.

ఇదంతా దయ అని చెప్పడం లేదు. వ్యాపారం. డబ్బు లేనివాడికి ముద్ద లేదు. పైగా ఈ ఆదరణ చాలాకాలం మగవాళ్లకే. ఆడవాళ్లు హోటల్లో కూర్చుని తినడం తప్పుగా చూసేవారు. తర్వాత పరదాలు కట్టిన ఫ్యామిలీ రూములు వచ్చాయి. ఒంటరిగా ఉద్యోగానికి వచ్చిన అమ్మాయికి ఆ పరదా వెనక కూడా చూపులు తప్పలేదు. ఆమె పార్సిల్ కట్టించుకుని హాస్టలు గదికి వెళ్లి తిన్నది. మనకు పాఠాలు చెప్పిన టీచర్లలో అలా తిన్నవారు లేరని ఎలా చెప్పగలం?

ఇక మన భవానీపురం. ఊరికీ మనకూ మధ్య ఇంద్రకీలాద్రి ఉంది. కొండ కింద నది పక్కనున్న ఇరుకు రోడ్డు ఒకటి, చిట్టినగర్ సొరంగం ఇంకొకటి, అటు పోవడానికి మనకున్న దారులు ఈ రెండే. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచేదాకా బెజవాడ వెళ్లడమంటే ట్రాఫిక్‌లో తపస్సే. అందుకే మన హోటళ్లు ఊరివైపు కన్నా హైదరాబాదు రోడ్డువైపు చూసి బతికాయి. రాత్రంతా నడిచే లారీలు, దసరాకు, భవానీ దీక్షల విరమణకు ఎర్రబట్టలతో వచ్చే జనం, విద్యాధరపురం డిపో కండక్టర్లు, డ్రైవర్లు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ హమాలీలు మన హోటళ్లను నిలబెట్టారు. 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ నడవడం మొదలుపెట్టాక రాష్ట్రమంతటి నుంచీ ఇంజినీర్లు, ఫిట్టర్లు, కాంట్రాక్టు కూలీలు ఈ దారిన పడ్డారు. తెల్లవారుజామున వేడి పునుగులు, అల్లం చట్నీ అమ్మే బండి దగ్గర ఇంజినీరూ కూలీ పక్కపక్కన నిలబడి తినేవారు. మన బడి రిజిస్టరులో పేర్లు పెరిగింది కూడా ఆ కాలంలోనే.

ఇప్పుడు రెండో మెట్టు దగ్గరకు వద్దాం. హోటలు అడగడం మానేసిన ప్రశ్నను అద్దె ఇల్లు మానలేదు. 'మీరు ఏమిట్లు?' అని సూటిగా అడగడం మొరటు అనిపించి 'మీ ఇంటిపేరేంటండీ?', 'మాంసం వండుతారా?', 'ఏ దేవుడికి మొక్కుతారు?' అని చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటలు మాట ఉంది, అద్దె ఇంటి మాట లేదు. అంటరానితనం పేరుతో ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 చట్టం కింద నేరమే. కానీ 'ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ' అన్న మాట అబద్ధమని ఎవరు ఎక్కడ నిరూపిస్తారు?

కులం అడ్డురానిచోట డబ్బు అడ్డొచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడి రావలసి వచ్చింది. వాళ్లకు వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి పిల్లల దగ్గరకు, సోమవారం తెల్లారేసరికి మళ్లీ ఇక్కడికి. రాజధాని వస్తోందని మనం సంబరపడ్డాం. ఆ సంబరంలోనే అద్దెలు కూడా పెంచాం. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న వాటాకు కొత్తగా వచ్చినవాడు రెట్టింపు కట్టాలన్నాం. అదే సమయంలో హోటళ్లు ఏం చేశాయో చూడండి: వాళ్లకు ఇష్టమని ఇరానీ చాయ్, హైదరాబాదీ బిర్యానీ బోర్డులు పెట్టాయి. ఒకే ఊరు వంటగదిలో ఒకలాగా, వీధి గుమ్మంలో ఇంకోలాగా ప్రవర్తించింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌తోపాటు మన భవానీపురం, విద్యాధరపురం వైపు కాలనీల్లోకీ నీళ్లొచ్చాయి. తరతరాలుగా ఇక్కడున్నవాళ్లు కూడా ఆ వారం తమ ఊళ్లోనే పరాయివాళ్లయ్యారు. మేడల మీద నిలబడి పులిహోర పొట్లం కోసం చేతులు చాచారు. పొట్లం ఇచ్చిన చెయ్యి ఎవరిదని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ పొట్లాలు కట్టిన వంటశాలల్లో ఒడిశా, బెంగాల్, బీహార్ కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఈనాటి మన హోటళ్ల సర్వర్లు, వంటవాళ్లలో చాలామంది వాళ్లే. ఒకప్పుడు ఉడిపి నుంచి వచ్చినవాళ్లు తెలుగు పట్నాలకు దోసె తినిపించారు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు హైదరాబాదుకు చాయ్ అలవాటు చేశారు. కొత్తగా వచ్చినవాడు ముందు తింటాడు, కొన్నాళ్లకు వడ్డిస్తాడు. ఏ ఊరి హోటళ్ల చరిత్ర చూసినా ఇదే వరస.

అయితే వడ్డించే ఈ కుర్రాడి సంగతేమిటి? అతను మన బల్ల తుడుస్తాడు గానీ ఆ బల్ల దగ్గర కూర్చోడు. హోటలు పైగదిలో పదిమందితో కలిసి పడుకుంటాడు. పెళ్లయి భార్యాబిడ్డలను తెచ్చుకుంటే వాళ్లకు ఇల్లు ఎవరిస్తారు? ఆ బిడ్డను ఏ బడి చేర్చుకుంటుంది?

చివరి ప్రశ్నకు సమాధానం మన చేతిలో ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో బిడ్డను బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. ఈ సంగతి మన ఉపాధ్యాయులకు తెలుసు. హోటలు పైగదిలో ఉండే తల్లిదండ్రులకు తెలియదు. స్వర్ణోత్సవం పేరుతో పూర్వ విద్యార్థుల సంఘం చేయదగిన పనుల్లో ఇది ఒకటి: జూన్ నెలలో నలుగురు కలిసి మన చుట్టుపక్కల హోటళ్లకు వెళ్లి, వంటవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో కనుక్కోవడం. హిందీ వచ్చినవాళ్లు మనలో బోలెడంతమంది ఉన్నారు.

రెండో మెట్టు సంగతి ఇంకా కష్టం. చదువుకుని, సంపాదించి, మనలో చాలామంది భవానీపురంలో మేడలు కట్టుకున్నారు. వాటికి టు-లెట్ బోర్డులు వేలాడుతున్నాయి. ఒకప్పుడు మన అమ్మానాన్నలు ఇలాంటి బోర్డుల ముందు నిలబడినవాళ్లే. ఇప్పుడు గేటు ఇవతల మనం ఉన్నాం. బయట నిలబడ్డవాళ్లను అడగవలసినవి రెండే ఉన్నాయి: ఎంతమంది ఉంటారు, ఎప్పుడు చేరతారు.