జర్మనీలో ఇళ్ల మారుబేరం

పాతబడిన ఇంటినో ఫ్లాటునో తక్కువ ధరకు కొని, మరమ్మతులు చేయించి, కొద్దికాలంలోనే ఎక్కువ ధరకు అమ్మి లాభం గడించే మారుబేరాన్ని జర్మనీ స్థిరాస్తి రంగంలో ఆంగ్లం నుంచి తెచ్చుకున్న ‘ఫిక్స్ అండ్ ఫ్లిప్’ అనే పేరుతోనే పిలుస్తారు. సగానికి పైగా జనం అద్దె ఇళ్లలో నివసించే ఆ దేశంలో సొంత ఇల్లంటే ఏళ్ల తరబడి అట్టిపెట్టుకునే ఆస్తి అన్న భావన చట్టాల్లోనూ పన్నుల్లోనూ పాతుకుపోయి ఉన్నందువల్ల, ఈ వ్యాపారంలోకి దిగినవారు గోడలు, గచ్చుల పనిలో కంటే గడువుల లెక్కలోనూ కాగితాల పరిశీలనలోనూ తొందరపడి నష్టపోయే అవకాశమే ఎక్కువ.

కొనుగోలు ఖర్చులను తక్కువగా అంచనా వేయడం ఆరంభంలోనే జరిగే పొరపాటు. మన స్టాంపు డ్యూటీని పోలిన ‘గ్రుండ్‌ఎర్వెర్బ్‌స్టోయర్’ అనే బదిలీ పన్ను రేటును 2006 నుంచి రాష్ట్రాలే నిర్ణయించుకుంటున్నాయి. అది బవేరియాలో 3.5 శాతం, నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియాలో 6.5 శాతం. నోటరీ ఎదుట రాయించని స్థిరాస్తి విక్రయ ఒప్పందం చెల్లదని పౌర స్మృతిలోని 311బి సెక్షన్ చెబుతుంది. అక్కడి నోటరీ ముద్ర వేసి పంపే గుమాస్తా కాదు, ఒప్పందం మొత్తాన్ని ఇరుపక్షాలకూ పైకి చదివి వినిపించవలసిన న్యాయాధికారి. ఆయన రుసుముకూ, ‘గ్రుండ్‌బుఖ్’ అనే భూయాజమాన్య రిజిస్టరులో నమోదుకూ కలిపి ధరలో సుమారు 2 శాతం అవుతుంది. ఇల్లు కొనే సామాన్య వినియోగదారుపై ఇరుపక్షాల తరఫునా పనిచేసే మధ్యవర్తి కమిషన్‌లో సగానికి మించి భారం వేయరాదన్న నిబంధన 2020 డిసెంబరులో అమల్లోకి వచ్చాక, కొనేవారి వాటా చాలాచోట్ల 3.57 శాతంగా ఉంటోంది. ఈ లెక్కన నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియాలోని డోర్ట్‌మండ్‌లో 3,00,000 యూరోల ఫ్లాటు కొన్నవారు బదిలీ పన్ను 19,500, కమిషన్ 10,710, నోటరీ, నమోదు ఖర్చు దాదాపు 6,000, మొత్తం 36,210 యూరోలు అదనంగా చెల్లిస్తారు. అంటే ఇంటి ధర 12 శాతం పెరిగినా మరమ్మతుకు పెట్టిన సొమ్ములో ఒక్క యూరో కూడా తిరిగి రాదు.

అంతకంటే బరువైనది ఆదాయపు పన్ను. ఇల్లు 24 నెలలకు మించి చేతిలో ఉంటే లాభాన్ని దీర్ఘకాలికంగా పరిగణించే భారతీయ పద్ధతికి అలవాటుపడినవారు జర్మన్ గడువు విని నివ్వెరపోతారు. ఆదాయపు పన్ను చట్టం 23వ సెక్షన్ ప్రకారం, కొన్న పదేళ్లలోపు అమ్మితే వచ్చిన లాభం జీతంతో కలిసి, అత్యధికంగా 45 శాతం వరకు ఉండే వ్యక్తిగత రేటుకు లోబడుతుంది. అంతకుముందు రెండేళ్లుగా ఉన్న ఈ గడువును 1999లో పదేళ్లకు పెంచారు. గడువును రిజిస్టరులో పేరెక్కిన రోజు నుంచి కాక, నోటరీ ఒప్పందం నుంచి నోటరీ ఒప్పందం వరకు లెక్కిస్తారు గనుక, 2016 మే 15న కొన్నవారు 2026 మే 10న సంతకం చేస్తే పన్ను పడుతుంది, వారం ఆగితే పడదు. యజమాని స్వయంగా నివసించిన ఇంటికి మినహాయింపు ఉంది: అమ్మిన సంవత్సరంలోనూ, దానికి ముందరి రెండు సంవత్సరాల్లోనూ అక్కడే ఉండాలన్నది షరతు. అయితే నడిమి సంవత్సరం మాత్రమే పూర్తిగా ఉంటే చాలు కాబట్టి, 2023 డిసెంబరులో చేరి 2025 జనవరిలో అమ్మినవారికి కూడా అది వర్తిస్తుంది. చట్టం ఇంత ఉదారంగా ఉన్న చోటు ఈ రంగంలో మరొకటి లేదు. కాపురం పేరుకే ఉందని తేలితే మాత్రం మినహాయింపు పోతుంది.

ఒకటి రెండు బేరాలు కలిసొచ్చినవారు చిక్కుకునేది ‘మూడు ఆస్తుల పరిమితి’లో. సమాఖ్య ఆర్థిక న్యాయస్థానం తీర్పుల ద్వారా రూపొందిన ఈ సూత్రం ప్రకారం, ఐదేళ్ల వ్యవధిలో మూడింటికి మించి ఆస్తులు కొని అమ్మితే అది వ్యాపారమవుతుంది, పదేళ్ల గడువు ఇచ్చే రక్షణ తొలగిపోతుంది, వ్యక్తుల విషయంలో 24,500 యూరోలు దాటిన వ్యాపార లాభంపై పురపాలక సంస్థకు చెందే ‘గెవెర్బెస్టోయర్’ అనే వ్యాపార పన్ను కూడా పడుతుంది. ఒకే భవనంలోని నాలుగు ఫ్లాట్లను విడివిడిగా అమ్మినా నాలుగుగానే లెక్కిస్తారు.

మరమ్మతు దశలో కూడా హక్కుల విచారణే ముందు జరగాలి. ఫ్లాటు కిటికీలు లోపలివైపు నుంచి చూస్తే కొన్నవారి సొంతంలా కనిపిస్తాయి గాని, చట్టరీత్యా అవి యజమానుల సంఘం ఉమ్మడి ఆస్తి. సంఘం తీర్మానం లేకుండా మార్పించినవారు పాతవాటిని తిరిగి బిగించవలసి రావచ్చు. అందుకే గత కొన్నేళ్ల సంఘ సమావేశాల నివేదికలను, మరమ్మతు నిధి నిల్వను చూడకుండా సంతకం చేయకూడదు. నివేదికల్లో నలుగుతున్న పైకప్పు మరమ్మతు రేపు కొత్త యజమాని నెత్తిన ప్రత్యేక చందాగా పడుతుంది. అద్దెదారు ఉన్న ఇల్లు చేతులు మారినా అద్దె ఒప్పందం చెక్కుచెదరదు. అద్దెదారు ఉండగానే భవనాన్ని ఫ్లాట్లుగా విభజించి అమ్మితే, కొన్నవారు సొంత అవసరం పేరుతో అతన్ని ఖాళీ చేయించడానికి కనీసం మూడేళ్లు, బెర్లిన్ వంటి నగరాల్లో పదేళ్లు ఆగాలి. ఆస్బెస్టాస్‌ను 1993లోనే నిషేధించారు గాని, అంతకుముందు కట్టిన ఇళ్లలో నేల పలకల అడుగున అది దాగి ఉండవచ్చు, తొలగింపునకు ప్రత్యేక అర్హత గల సంస్థలు కావాలి. తెలిసిన లోపానికి రంగు పూసి అమ్మినవారిని ‘ఉన్నది ఉన్నట్టు కొన్నాను’ అన్న ఒప్పంద వాక్యం కాపాడదు. మోసపూరిత దాపరికం ఉన్నచోట అది చెల్లదని పౌర స్మృతి 444వ సెక్షన్ తేల్చింది. చెమ్మ పట్టిన గోడపై కొత్త కాగితం అతికించడం అన్యాయం కూడా.

రుణం విషయంలో పదేళ్ల స్థిర వడ్డీ ఒప్పందాన్ని రెండో ఏట తెంచుకునేవారి నుంచి బ్యాంకు, తాను కోల్పోయే వడ్డీకి నష్టపరిహారం వసూలు చేస్తుంది. 2022 ఆరంభంలో 1 శాతం దరిదాపుల్లో ఉన్న గృహరుణ వడ్డీ ఆ ఏడాది చివరికి 4 శాతానికి చేరువై, 2023లో ఇళ్ల ధరలు దేశవ్యాప్తంగా సగటున 8 శాతానికి పైగా పడిపోయినప్పుడు, ధరలు పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో వేసిన లెక్కలు తారుమారయ్యాయి. త్వరగా అమ్మదలచినవారికి మారే వడ్డీ గల రుణం అనువైనది. వడ్డీ ఎంత ఉండబోతుందో ముందుగా తెలియకపోయినా, మూడు నెలల ముందస్తు నోటీసుతో పరిహారం లేకుండా దాన్ని తీర్చివేయవచ్చు.