గండిపేట: వరద కోసం కట్టిన చెరువు

గండిపేట నీళ్లు ఒక్కసారి తాగితే హైదరాబాద్ వదలబుద్ధి కాదని పాత నగరవాసుల మాట. ఆ మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఆ చెరువును మంచినీళ్ల కోసమే కట్టారనుకుంటాం. నిజానికి దానికి పురుడు పోసింది వరద.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుడుతుంది. బాపూఘాట్ దగ్గర ఈసీని కలుపుకొని, నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. మామూలు రోజుల్లో ఎవరూ భయపడేంత నది కాదు. 1908 సెప్టెంబరు 28న మాత్రం ఊరిని ఊడ్చేసింది. ఎగువన కుండపోత వానకు చెరువుల కట్టలు వరసగా తెగాయి. పోయిన ప్రాణాలు సుమారు 15 వేలని లెక్క. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టు కొమ్మలెక్కి 150 మంది దాకా బతికారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు పేరు చెబితే ఇప్పటికీ దారి చూపిస్తారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊళ్లోకి వచ్చాక ఆపలేం, ఊరికి పైనే పట్టి ఉంచి మెల్లగా వదలాలన్నాడాయన. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఎలాగూ నీళ్లు నిలిచాయి, గండిపేట ఏమో నగరం కంటే ఎత్తున ఉంది. మోటారు పని లేకుండా నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వాటంతటవే పారొచ్చేవి. మంచినీళ్ల పేరు అలా వచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. తాగడానికైతే చెరువు నిండుగా ఉండాలి, వరదను ఆపడానికైతే ఖాళీ ఉండాలి. గండిపేట నిండిందని తెలిస్తే ఫోన్లు పట్టుకుని కట్ట మీదికి పరుగెడతాం. నేనూ పోయినవాణ్నే. విశ్వేశ్వరయ్య అయితే ఇంకెంత ఖాళీ మిగిలిందని అడిగేవాడేమో.

జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. దిగువన మాత్రం నగరం నదిలోకే దిగింది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఉన్నది మూసీ పాయల నడుమ. 2025లో జంట జలాశయాల గేట్లెత్తాక ఆ బస్టాండులోకి వరద వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. అది సెప్టెంబరు 27 తెల్లవారుజాము. పాత వరద తేదీకి ఒక్క రోజు ముందు.