ఓడిన రాజ్యం, మిగిలిన దేవుడు

1868లో, ఇప్పటి జోర్డాన్‌లోని ధీబాన్ దగ్గర ఒక నల్లరాతి శాసనం బయటపడింది. దాన్ని ఎవరు దక్కించుకోవాలా అని యూరప్ దేశాలవాళ్లు పోటీ పడుతుండగానే స్థానిక బెదూయిన్లు దాన్ని ముక్కలు చేసేశారు. అంతకుముందే కాగితం మీద దాని అచ్చు తీసి ఉంచారు కాబట్టి సరిపోయింది; దాని సాయంతో ముక్కలు కూర్చి, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నిలబెట్టారు. శాసనం వేయించినవాడు మోయాబు రాజు మేషా, కాలం క్రీ.పూ. 840 ప్రాంతం. అతను చెప్పుకున్నది ఇది: మా దేవుడు కెమోషు తన దేశం మీద కోపగించాడు, అందుకే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మమ్మల్ని చాలాకాలం అణచిపెట్టాడు, తర్వాత కెమోషు కరుణించాడు, నేను గెలిచాను, నెబో పట్టణం పట్టుకుని, అక్కడివాళ్లను చంపి, యెహోవా పూజాపాత్రలు లాక్కొచ్చి కెమోషు ముందు పడేశాను. ఇందులో కెమోషు పేరు తీసేసి యెహోవా పేరు పెడితే బైబిల్లోని రాజుల గ్రంథంలో ఇట్టే ఇమిడిపోతుంది. భాష కూడా హీబ్రూకి అతి దగ్గర. పక్కపక్కనున్న రెండు చిన్న రాజ్యాలు, చెరో దేవుడు, ఇద్దరు దేవుళ్లకీ ఒకే రకం కోపతాపాలు. మూడు వందల ఏళ్లు తిరగకుండానే ఆ ఇద్దరిలో ఒకడి భక్తులు అసలు రెండో దేవుడే లేడన్నారు. రెండోవాడిని కొలిచేవాళ్లే లేకుండా పోయారు.

ఈ మార్పుకి మనం తరచుగా వినే వివరణ ఒకటుంది. మనిషి మొదట చెట్టునీ పుట్టనీ మొక్కాడు, తర్వాత అనేకమంది దేవతల్ని కల్పించుకున్నాడు, బుద్ధి వికసించాక ఒక్కడే దేవుడని గ్రహించాడు అని. మెట్లెక్కినట్టు సాగే ఈ కథ పందొమ్మిదో శతాబ్దపు పండితులకి బాగా నచ్చింది, పాఠ్యపుస్తకాల్లో ఇంకా బతికే ఉంది. ఆధారాలు మాత్రం దీనికి ఎదురుతిరుగుతాయి. దైవం ఒక్కటే అన్న ఊహ ప్రాచీన ప్రపంచంలో చాలాచోట్ల, చాలామందికి తట్టింది. వాళ్లెవరూ దానికోసం ఒక్క గుడి కూడా మూయలేదు. కొత్తగా వచ్చింది ‘ఒక్కడు’ అనే లెక్క కాదు, ‘ఇంకొకరిని మొక్కకూడదు’ అనే కట్టడి. ఆ కట్టడి తత్వచింతనలోంచి పుట్టలేదు, రాజకీయంలోంచి పుట్టింది. అది స్థిరపడింది గెలుపులో కాదు, ఘోరమైన ఓటమిలో.

ముందు బాబిలోన్ సంగతి చూద్దాం. అక్కడ దొరికిన ఒక మట్టిపలక మీద దేవతల జాబితా ఉంది. ఫలానా దేవుడు సేద్యానికి మర్దుక్, ఫలానా దేవుడు యుద్ధానికి మర్దుక్, చంద్రుడు రాత్రికి వెలుగిచ్చే మర్దుక్ అంటూ అందరినీ ఒక్కడిలోకి చేరుస్తుంది. మన పాఠకులకి ఇది కొత్తగా అనిపించదు. అన్ని రూపాలూ ఒకే పరమాత్మవి అన్న మాట వింటూ పెరిగినవాళ్లం. ఆ పలక రాసిన పూజారి మర్నాడు పొద్దున చంద్రుడి గుడికి నైవేద్యం ఆపించలేదు, ఆపించాల్సిన పనీ లేదు. గ్రీసులో క్రీ.పూ. ఆరో శతాబ్దంలో తత్వవేత్త జెనోఫనీస్ కూడా అంతే. మనుషులు తమ పోలికలతో దేవుళ్లని చేసుకున్నారని వెక్కిరించాడు, అందరికంటే గొప్పవాడు ఒక్కడున్నాడన్నాడు. గ్రీకుల బలిపీఠాలు మాత్రం ఎప్పటిలాగే పొగలు కక్కాయి. పదిమందిని ఒకడిలో కలుపుకోవడం ఒక పని, ఒకడి కోసం తొమ్మిదిమందిని వెళ్లగొట్టడం వేరే పని. మొదటిది ఎంత దూరం సాగినా రెండోదానికి దారితీయదు. ఇండియా చరిత్రే అందుకు సాక్ష్యం.

వెళ్లగొట్టే పనికి మొదట పూనుకున్నవాడు ఈజిప్టు ఫారో. క్రీ.పూ. పద్నాలుగో శతాబ్దం మధ్యలో గద్దెనెక్కిన నాలుగో అమెన్‌హోటెప్ సూర్యబింబమైన ఆటెన్‌నే దేవుడిగా పట్టుకుని, అఖెనాటెన్ అని పేరు మార్చుకుని, ఎడారి అంచున అమర్నాలో కొత్త రాజధాని కట్టాడు. అమూన్ దేవుడి పేరు కనబడిన చోటల్లా ఉలితో చెక్కేయించాడు. సొంత తండ్రి పేరులో అమూన్ ఉందని దాన్నీ వదల్లేదు. ‘దేవతలు’ అన్న బహువచనాన్ని సైతం కొన్నిచోట్ల గీకించాడు. ఇంతకంటే కచ్చితమైన ఏకేశ్వరవాదం ఏముంటుంది, ఓటమిలో స్థిరపడిందనే నీ వాదన ఇక్కడే తేలిపోయిందిగా అనవచ్చు. తేలిపోలేదు. ఆ రాజు పోయిన కొన్నేళ్లకే టుటాంఖాటెన్ అనే కుర్ర ఫారో టుటాంఖామూన్ అయ్యాడు, పాత గుళ్లు తెరిచారు, తర్వాతి ఫారోల్లో ఒకడైన హోరెంహెబ్ కాలానికి ఆటెన్ ఆలయాల రాళ్లు కార్నాక్ గోపురాల లోపల నింపుడు రాళ్లయ్యాయి. అమర్నాలోనే, రాజు కళ్లముందరే, పనివాళ్ల ఇళ్లలో కాన్పులో కాపాడే బెస్, తవెరెట్ దేవతల తాయెత్తులు దొరికాయి. కాన్పు కష్టమైన ఇల్లాలికి సూర్యబింబం ఏం చేస్తుంది? రాజాజ్ఞతో వచ్చిన దేవుడు రాజుతోనే పోయాడు. అధికారం ఎంత ఉన్నా ఆ ఒక్క దాని బలంతో ఏకేశ్వరవాదం నిలవదని అఖెనాటెన్ కథ రుజువు చేస్తుంది.

ఇక ఇశ్రాయేలు. మోషే కాలం నుంచీ ఒక్కడే దేవుడు, జనమే మధ్యమధ్యలో దారితప్పి బయలునీ అషేరానీ మొక్కారు అని బైబిలు చెబుతుంది. తవ్వకాలు చూపిస్తున్నది వేరు. 1975, 76లలో సినాయ్ ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్ అనే చోట క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద పెద్ద కాగులు దొరికాయి. వాటి మీద సిరాతో రాసిన ఆశీర్వచనాలున్నాయి: షోమ్రోను (ఇశ్రాయేలు రాజధాని) యెహోవా, అతని అషేరా పేరిట. హెబ్రోను దగ్గరి ఒక సమాధి గోడ మీదా ఈ జంట కనబడుతుంది. అషేరా అంటే అక్కడ దేవతా, ఆమె గుర్తుగా పాతిన కొయ్యస్తంభమా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. స్తంభమే అనుకున్నా అది ఒక దేవత గుర్తే కదా. దక్షిణాన ఉన్న యూదా రాజ్యపు ఇళ్లలో స్తనాలు పట్టుకుని నిలబడ్డ స్త్రీమూర్తుల మట్టిబొమ్మలు వందల్లో బయటపడ్డాయి. ఇదంతా చదువురాని జనం చేసిన తప్పు అని కొట్టిపారేయడానికీ లేదు. అరాద్‌లో రాజు సైన్యం కాపున్న కోటలోనే గుడి ఉంది. అషేరా విగ్రహం జెరూసలేం ఆలయంలోనే ఉండేదని, ఆమెకి వస్త్రాలు నేసే ఆడవాళ్లు ఆ ఆవరణలోనే పనిచేసేవాళ్లని రాజుల గ్రంథమే ఒప్పుకుంటుంది. ద్వితీయోపదేశకాండంలో ఒక పాత గీతముంది. మృత సముద్రపు గుహల్లో దొరికిన దాని ప్రతి ప్రకారం, దేవుడి కుమారుల సంఖ్యను బట్టి జాతులకు ఎల్లలు పంచితే యెహోవా వంతుకి ఇశ్రాయేలు వచ్చింది. పొలిమేర దాటితే మన గ్రామదేవత ఏలుబడి ముగిసి పక్కూరి అమ్మది మొదలైనట్టే ఈ లెక్క. తర్వాతి కాలపు హీబ్రూ ప్రతిలో ‘దేవుడి కుమారులు’ పోయి ‘ఇశ్రాయేలు కుమారులు’ వచ్చి కూర్చున్నారు.

మరి ‘ఇంకొకరు వద్దు’ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యాన్ని మింగేసింది. దక్షిణాన మిగిలిన యూదా కప్పం కడుతూ బతికింది. క్రీ.పూ. 672లో అష్షూరు చక్రవర్తి ఏసర్హద్దోను తన తర్వాత కొడుకు అషుర్‌బనిపాల్‌కే విధేయులుగా ఉండాలని సామంతులందరి చేతా ప్రమాణం చేయించాడు. ఆ ఒప్పందపు మట్టిపలకలు 1955లో నిమ్రూద్‌లో, 2009లో టర్కీలోని తెల్ తాయినాత్‌లో దొరికాయి. అషుర్‌బనిపాల్‌ను నీ ప్రాణంలా ప్రేమించు; అతనికి వ్యతిరేకంగా నీ అన్నదమ్ములు గానీ కొడుకులూ కూతుళ్లు గానీ, చివరికి ప్రవక్త గానీ ఒక్క మాటన్నా దాచిపెట్టకు; కాదన్నావా, ఇవిగో శాపాలు. ఇప్పుడు ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం తెరవండి. నీ తోబుట్టువో కొడుకో భార్యో ప్రవక్తో వచ్చి వేరే దేవుళ్లని కొలుద్దామంటే దాచిపెట్టకు, కనికరించకు అంటుంది. 28వ అధ్యాయంలోని కొన్ని శాపాలు అష్షూరు పలకలో ఉన్న వరుసలోనే వస్తాయి. ఒప్పందాల భాష ఆ ప్రాంతమంతటా అలాగే ఉండేది, నేరుగా తీసుకున్నారనడానికి రుజువేంటి అని కొందరు పండితులు అడుగుతారు. నేరుగా తీసుకున్నారా లేదా అన్నది నా వాదనకి ముఖ్యం కాదు. చక్రవర్తికి చెల్లించాల్సిన ఏకైక విధేయతను యూదా రాతగాళ్లు తీసుకెళ్లి దేవుడికి కట్టబెట్టారన్నదే అసలు విషయం. సామంతుడికి ఇద్దరు చక్రవర్తులు ఉండకూడదు, అలాగే ఇద్దరు దేవుళ్లూ ఉండకూడదు. వేరే దేవుళ్లు లేరని ఇక్కడ ఎవరూ అనలేదు. ఉన్నారు కాబట్టే కొలవొద్దన్నారు.

క్రీ.పూ. 622లో జెరూసలేం ఆలయం మరమ్మతుల్లో ఒక ధర్మశాస్త్ర గ్రంథం దొరికిందని, దాన్ని విని యోషీయా రాజు బట్టలు చింపుకున్నాడని చెబుతారు. ఆ గ్రంథం ద్వితీయోపదేశకాండపు తొలి రూపమని ఎక్కువమంది భావన. తర్వాత అషేరా విగ్రహాన్ని కిద్రోను వాగు దగ్గర తగలబెట్టించాడు, సూర్యుడికి అర్పించిన గుర్రాల్ని తీసేయించాడు, పల్లెల్లోని గుళ్లని పాడుచేయించాడు. అష్షూరు అప్పటికే కూలుతోంది. యోషీయా ధైర్యానికి అదీ ఒక కారణం. ఇక్కడిదాకా చూస్తే ఇది అఖెనాటెన్ కథకి నకలే. ముగింపూ అలాగే ఉండాలి. క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఫారో నెకో చేతిలో యోషీయా చనిపోయాడు. పాతికేళ్లు తిరగకుండానే బాబిలోన్ సేనలు వచ్చి జెరూసలేంని, ఆలయంతో సహా తగలబెట్టాయి.

ఈ వినాశనం తర్వాత జరిగిన ఒక వాగ్వాదం యిర్మీయా గ్రంథం 44వ అధ్యాయంలో ఉంది. మొత్తం బైబిల్లో ఇంత నిజాయితీగా రాసిన ఘట్టం మరొకటి ఉండదనుకుంటాను. ఈజిప్టుకి పారిపోయిన యూదా జనాన్ని ప్రవక్త నిలదీస్తాడు: వేరే దేవతలకి ధూపం వేశారు, అందుకే ఈ గతి పట్టింది అని. ఆడవాళ్లు వెనక్కి తగ్గలేదు. ఆకాశరాణికి ధూపం వేసి, పానార్పణలు పోసినంతకాలం కడుపునిండా తిన్నాం, ఏ కీడూ ఎరగం. అది మానేసిన దగ్గర్నుంచే మాకు కరువూ కత్తీ దాపురించాయి అన్నారు. యోషీయా సంస్కరణనీ ఆ తర్వాత వచ్చిన నాశనాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ల తర్కానికి వంక పెట్టలేం. నిజానికి ప్రాచీన ప్రపంచంలో ఎవరిని అడిగినా వాళ్ల వైపే మాట్లాడేవారు. ఓటమి జరిగిపోయింది, దానికి అర్థం చెప్పడంలో రెండు పక్షాలు మిగిలాయి. బుద్ధి వికసించి ఒక పక్షం గెలిచిందనుకోవడానికి ఇక్కడ ఆధారమేమీ లేదు.

గెలిచింది బాబిలోన్‌కి చెరపట్టి తీసుకెళ్లిన వాళ్ల పక్షం. వాళ్లు నిజంగా అక్కడ ఉన్నారనడానికి బాబిలోన్ కోట లెక్కలే సాక్ష్యం: యూదా రాజు యెహోయాకీనుకీ అతని ఐదుగురు కొడుకులకీ ఇచ్చిన నూనె రేషన్ పద్దు ఒక పలక మీద ఉంది, తేదీ క్రీ.పూ. 592. రాజు రేషన్ తింటున్నాడు, గుడి బూడిదైంది, దేశం చేజారింది. మర్దుక్ గెలిచాడు, యెహోవా ఓడాడు అనుకోవడమే అప్పటి లోకరీతి. చెరలోని ప్రవక్తలు దాన్ని తలకిందులు చేశారు. మన దేవుడు ఓడలేదు, మనల్ని శిక్షించడానికి బాబిలోన్‌ను తానే తెచ్చాడన్నారు. దీనికి పొలిమేర దేవుడు చాలడు. శత్రువు సైన్యాన్ని కూడా నడిపే దేవుడు కావాలి. శత్రువు సైన్యాన్ని నడిపేది యెహోవాయే అయితే మర్దుక్‌కి మిగిలిన పనేమిటి? యెషయా గ్రంథం 40 నుంచి 55 దాకా ఉన్న అధ్యాయాలు రాసిన పేరు తెలియని కవి ఆ చివరి అడుగు వేశాడు: వేరే దేవుడే లేడు. సగం దుంగతో వంట చేసుకుని మిగతా సగాన్ని దేవుడని మొక్కే వడ్రంగిని చూసి నవ్వాడు. క్రీ.పూ. 539లో పర్షియా రాజు సైరస్ (తెలుగు బైబిల్లో కోరెషు) బాబిలోన్‌ని పట్టుకుంటే, అతని చెయ్యి పట్టి, పేరు పెట్టి పిలిచినవాడు యెహోవాయేనన్నాడు. 1879లో బయటపడిన సైరస్ మట్టిస్థూపం కూడా దాదాపు ఇవే మాటలంటుంది, పిలిచింది మాత్రం మర్దుక్. ఒకే విజయానికి ఇద్దరు దేవుళ్ల పేరిట దావా. విచిత్రమేమిటంటే, గెలిచిన పక్షం దావా మన్నులో కప్పబడిపోయింది, చెరలో ఉన్నవాళ్ల దావా నిలిచింది.

దేవుడి కోపం వల్లే ఓడామని మేషా కూడా అన్నాడుగా, మోయాబు ఎందుకు ఏకేశ్వరవాదానికి చేరలేదు? ఇది గట్టి ప్రశ్నే. మేషా గెలిచాక రాయించాడు. అతని వివరణకి ఒక గెలుపు కావలసి వచ్చింది. యూదావాళ్లు గెలుపు కనుచూపు మేరలో లేనప్పుడు రాశారు. పైగా వాళ్ల దగ్గర ఆమోసు, హోషేయ కాలం నుంచీ సొంత రాజుల్నే తిట్టిన ప్రవక్తల రాతలున్నాయి. నాశనం వస్తుందని వాళ్లు ముందే అన్నారు, వచ్చింది. పుస్తకానికి గుడి అక్కర్లేదు, రాజూ అక్కర్లేదు. అఖెనాటెన్‌కి లేనిది అదే. ఇక ఈ ఊహ పర్షియా నుంచి అరువు తెచ్చుకున్నదే అనేవాళ్లూ ఉన్నారు. ప్రభావం ఉండవచ్చు, కానీ బెహిస్తున్ కొండ మీద పర్షియా రాజు దర్యావేషు తన శాసనంలో అహురమజ్దాకి కృతజ్ఞత చెబుతూ పక్కనే ‘ఉన్న ఇతర దేవుళ్ల’కీ చెప్పాడు. అతనికి వాళ్లతో పేచీ లేదు.

చెరకి వెళ్లని యూదులు ఎలా ఉన్నారో చూడాలంటే నైలు నదిలోని ఎలిఫంటైన్ ద్వీపం ఉంది. పర్షియా కొలువులో సైనికులుగా ఉన్న ఆ యూదులకి అక్కడ సొంత యెహోవా గుడి ఉండేది. క్రీ.పూ. 410లో దాన్ని కూలగొట్టారు; మూడేళ్ల తర్వాత, జెరూసలేం పూజారులకి రాస్తే జవాబే రాలేదని వాళ్లు యూదా గవర్నరుకి మొరపెట్టుకున్నారు. మనిషికి రెండు షెకెళ్ల చొప్పున వాళ్లు వసూలు చేసిన చందా పద్దు కూడా దొరికింది: యెహోవాకి 126 షెకెళ్లు, ఎషెం-బేతేలుకి 70, అనాత్-బేతేలు దేవతకి 120. ఆకాశరాణి భక్తురాళ్లు యిర్మీయాకి చెప్పిన జవాబు అక్కడ దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా బతికే ఉందన్నమాట. జెరూసలేంలో మాత్రం అప్పటికి బాబిలోన్ నుంచి వచ్చినవాళ్ల పుస్తకమే చట్టమవుతోంది. ఎలిఫంటైన్ యూదుల పత్రాల్లో ఆఖరిది క్రీ.పూ. 399 నాటిది, ఆ తర్వాత వాళ్ల ఊసు ఎక్కడా లేదు.