విండోస్ 10 పీసీని మూల పడేయకండి.. లైనక్స్ మింట్ ఇలా వేసుకోండి! ఆ ఒక్క స్క్రీన్ దగ్గర మాత్రం జాగ్రత్త

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉందా? విండోస్ 11 వేద్దామంటే 'ఈ పీసీకి కుదరదు' అని వస్తోందా? అయితే ఇది మీ కోసమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత కూడా కంప్యూటర్ పనిచేస్తుంది.. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మామూలుగా అప్‌డేట్లు రావు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో నమోదు చేసుకున్న ఇంటి పీసీలకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఉంది. అంతేగానీ అది శాశ్వత పరిష్కారం కాదు.

ముందు ఇది చెక్ చేయండి

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఆపైది కావాలి. కొన్ని పీసీల్లో టీపీఎం ఉన్నా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో 'పీటీటీ', ఏఎండీలో 'ఎఫ్‌టీపీఎం' అనే ఆప్షన్ ఆన్ చేస్తే, ప్రాసెసర్ సహా మిగతా అర్హతలన్నీ ఉంటే విండోస్ 11 వచ్చేస్తుంది. అప్పుడు మిగతా తిప్పలేవీ అక్కర్లేదు.

మింట్ ఎందుకు?

లైనక్స్ మింట్ పూర్తిగా ఉచితం. స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ అన్నీ విండోస్ వాడినవాళ్లకు అలవాటైన చోటే ఉంటాయి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. మింట్ 22 సిరీస్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. పాత మెషీన్ అయితే 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' ఎడిషన్ తీసుకోండి, తేలిగ్గా ఉంటుంది.

వీళ్లు మాత్రం తొందరపడొద్దు

ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసేవాళ్లు విండోస్‌లోనే ఉండటం మంచిది. అవి విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్లు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు దానికి లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోండి. బ్రౌజింగ్, యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులు, ఉత్తరాలు, ఎక్సెల్ తరహా లెక్కలే మీ పని అయితే ఇబ్బంది లేదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అందులోనే వస్తాయి.

స్టెప్ బై స్టెప్

1. మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేయండి. సైజు దాదాపు 3 జీబీ.

2. 8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, 'రూఫస్' సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైల్‌ను ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, చూసుకోండి.

3. పీసీ రీస్టార్ట్ చేసి బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అక్కడ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

4. మింట్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే ఓపెన్ అవుతుంది. ఇంకా ఏదీ ఇన్‌స్టాల్ కాలేదు. సౌండ్, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో ఇక్కడే చూసేయండి. వైఫై దొరక్కపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి.

5. అంతా బాగుంటే డెస్క్‌టాప్ మీదున్న 'ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్' ఐకాన్ నొక్కండి. భాష, కీబోర్డ్ ఎంచుకుని, మల్టీమీడియా కోడెక్స్ బాక్స్‌లో టిక్ పెట్టండి.

అసలు ప్రమాదం ఈ స్క్రీన్‌లోనే!

ఇన్‌స్టలేషన్ టైప్ అడిగే స్క్రీన్ వస్తుంది. అందులో 'ఎరేజ్ డిస్క్' అనే ఆప్షన్ కనిపిస్తుంది. చాలామంది 'ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయిగా, సి ఒక్కటే పోతుంది' అనుకుంటారు. విండోస్‌ను ఫార్మాట్ చేయించినప్పుడు డి డ్రైవ్ మిగలడం మనకు అలవాటు కదా! ఇక్కడ అలా కాదు. సి, డి, ఇ అన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో గీసిన భాగాలు. ఎరేజ్ అంటే డిస్క్ మొత్తం చెరిపేస్తుంది. పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోతాయి.

అందుకే స్టెప్ 2కి ముందే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, డి డ్రైవ్.. అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయితే సరిపోదు, ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం దాన్ని పీకేసి పక్కన పెట్టండి. పొరపాటున దాన్నే ఎంచుకునే అవకాశం ఉండదు.

విండోస్ కూడా ఉండాలంటే 'అలాంగ్‌సైడ్' ఆప్షన్ ఎంచుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందు విండోస్‌లోకి వెళ్లి ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. డిస్క్‌ను విడదీసే సమయంలో కరెంట్ పోతే డేటా దెబ్బతినొచ్చు. యూపీఎస్ లేకపోతే కోతలు లేని టైమ్ చూసుకోండి.

తర్వాత టైమ్ జోన్ దగ్గర 'కోల్‌కతా' ఇవ్వండి, మన దేశమంతటికీ అదే. పేరు, పాస్‌వర్డ్ పెడితే మిగతా పని అదే చేసుకుంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక ఈ నాలుగు పనులు

• అప్‌డేట్ మేనేజర్‌లో అన్ని అప్‌డేట్లూ వేయండి.

• డ్రైవర్ మేనేజర్ తెరిచి గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లు ఏమైనా చూపిస్తోందేమో చూడండి.

• టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. ఏదైనా అప్‌డేట్ బెడిసికొడితే సిస్టమ్‌ను వెనక్కి తీసుకెళ్తుంది. ఇది మీ ఫొటోలకు బ్యాకప్ కాదు, అది వేరుగా ఉండాల్సిందే.

• కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌కు వెళ్లి తెలుగు జోడించండి. తెలుగులో టైప్ చేసుకోవచ్చు.

కొత్త సిస్టమ్ అలవాటయ్యేదాకా పాత బ్యాకప్ డిస్క్‌ను మాత్రం ఖాళీ చేయకండి. ఏ ఫైల్ మర్చిపోయామో చాలాసార్లు దాంతో పనిపడినప్పుడే తెలుస్తుంది.