గుర్రం ఖూన్‌లో తగ్గింది లోహమేనా?

ఖురాన్ షరీఫ్‌లో లోహం పేరుతో ఒక సూరా ఉంది, అల్ హదీద్. పరుగెత్తే గుర్రాల పేరుతో మరొకటి ఉంది, అల్ ఆదియాత్. లోహం, గుర్రం ఈ రెండు మాటలూ ఒకేచోట వినబడేది మాత్రం టాంగాలు, బారాత్ గుర్రాలు నడుపుకునేవాళ్ల దగ్గర. గుర్రం కాస్త కమ్‌జోర్ అయితే చాలు, "ఖూన్ తగ్గింది, ఐరన్ టానిక్ పట్టించు భాయ్" అంటారు. రోజీరోటీ అంతా ఆ జానవర్ మీదే కాబట్టి, పాపం, అప్పు చేసైనా సీసా కొంటారు.

ముందు హిసాబ్ చూద్దాం. 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 400 మిల్లీగ్రాముల ఐరన్ చాలు. అది రోజుకు 10 కిలోల ఎండుగడ్డి తింటుందనుకుందాం. కిలోకు 100 మిల్లీగ్రాములే ఉన్నా, 1000 మిల్లీగ్రాములు కడుపులోకి పోయినట్టే. గడ్డిలో చాలాసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మరి ఖూన్ ఎటు పోయింది?

ఈ సవాల్‌కు జవాబు 1880లో దొరికింది, అదీ మన బర్రె సగీర్‌లోనే. అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో ఫౌజీ గుర్రాలు, ఒంటెలు ఒకదాని వెంట ఒకటి చస్తున్నాయి. మర్జ్ పేరు సుర్రా. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. మేత బాగానే తింటున్నా ఒళ్లు కరిగిపోతుంది. కాళ్లకూ పొట్ట కిందా వాపు, కళ్ల లోపలి పొర తెల్లబారడం. సర్కారు అక్కడికి పంపిన పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్, వేల్స్ దేశస్థుడు. ఆయన మేత చూసి ఊరుకోలేదు. ఖూన్ చుక్కను ఖుర్దుబీన్ కింద పెట్టి చూశాడు. ఎర్ర కణాల మధ్య పాముపిల్లల్లా మెలికలు తిరుగుతున్న జీవులు! ఆ ఖూన్‌ను ఆరోగ్యంగా ఉన్న జానవర్‌కు ఎక్కించి, మర్జ్ దానికీ అంటుతుందని సాబిత్ చేశాడు.

పెద్దలు మానలేదు. 1878లో టిమోతీ లూయిస్ కలకత్తాలో ఎలుకల ఖూన్‌లో ఇలాంటి జీవులనే చూసి ఉన్నాడు. ఆ ఎలుకలు మజేగా తిరుగుతుండేవి. కాబట్టి ఇవీ బేఖసూర్ అన్నది వాళ్ల రాయ్. ఎలుక బతికింది కదా అని గుర్రమూ బతకాలా? నాకైతే ఇది ఇల్మ్ కన్నా కుర్చీల గొడవగానే తోస్తుంది. ఆఖరికి ఆ జీవికి ఎవాన్స్ పేరే స్థిరపడింది: ట్రిపనోసోమా ఎవాన్సీ. 1901లో లియొనార్డ్ రోజర్స్ దీన్ని మోసేది జోరీగలని చూపించాడు. ఎవాన్స్ నిండు నూరేళ్లు బతికి, 1935లో పోయాడు.

అదే 1880లో అల్జీరియాలో లావెరాన్ మనిషి ఖూన్‌లో మలేరియా జీవిని చూశాడు. దాని తర్వాతి కడీ మన సికింద్రాబాద్‌లో, 1897లో. దోమకు ఒక అణా చొప్పున తీసుకుని రొనాల్డ్ రాస్ దోమలతో కుట్టించుకున్న మరీజ్ పేరు హుసేన్ ఖాన్. రాస్ పేరు అందరికీ తెలుసు, ఆయన పేరు మన పిల్లలకూ తెలియాలి.

మళ్లీ గుర్రం దగ్గరికి వద్దాం. సుర్రాలో ఎర్ర కణాలు ఒంటి లోపలే పగులుతాయి. వాటిలోని లోహం బయటికి పోదు, తిల్లీలో, కలేజాలో జమ అవుతుంది. అంటే ఖూన్ లేకపోయినా ఐరన్ ఉంది! పైనుంచి సీసా పోయడం నిండిన గోదాముకు మరో బస్తా మోయడమే. పైగా ఎక్కువైన ఐరన్‌ను బయటికి తోసే దారి గుర్రానికి దాదాపు లేదు. 1980ల మొదట్లో అమెరికాలో, అప్పుడే పుట్టిన గుర్రప్పిల్లలు ఐరన్ కలిపిన ఒక పేస్టు తిని కలేజా పాడై చనిపోయాయి కూడా.

లోహం నిజంగా తగ్గేది ఖూన్ ఒంట్లోంచి బయటికి కారిపోతేనే: పెద్ద గాయం, కడుపులో పుండ్లు, ఖూన్ పీల్చే నులిపురుగులు. అప్పుడు కూడా ముందు ఆ కారే చోటు మూయాలి.

ఇంకో మాట. గుర్రం తన ఎర్ర కణాల్లో మూడో వంతు దాకా తిల్లీలో దాచుకుని, పరుగెత్తినప్పుడో బెదిరినప్పుడో విడుదల చేస్తుంది. అస్తబల్‌లో నిమ్మళంగా నిలబడి ఉన్నప్పుడు తీసిన ఖూన్‌లో అంకె తక్కువ, పరుగు తర్వాత ఎక్కువ. ఒక్క కాగితం చూసి "ఖూన్ లేదు" అని తీర్మానించే డాక్టర్‌ను, ఖూన్ ఎప్పుడు తీశారు సాబ్ అని అడగండి. సుర్రా అనుమానం ఉంటే జ్వరం ఎక్కిన రోజే తీయించండి. ఆ జీవులు ఖూన్‌లో గుంపుగా కనబడేది అప్పుడే, జ్వరం దిగిన రోజు స్లైడ్ సాఫ్‌గా ఉండొచ్చు. దొరికితే దానికి ఇంజెక్షన్ ఉంది, క్వినాపైరమిన్.